ఒసాన్ కొండ వెనక మూగబోయిన బ్యాటరీ: 52వ ఫీల్డ్ ఆర్టిలరీ బెటాలియన్ కేస్ స్టడీ

ఫిరంగి దళంలో పనిచేసినవాళ్ల మధ్య 1950 జూలై 5 ప్రస్తావన వస్తే అందరి నోటా మొదట వచ్చే అంకె ఆరు. ఆ రోజు దక్షిణ కొరియాలో ఒసాన్ ఊరికి ఉత్తరాన, ఉత్తర కొరియా ట్యాంకులకు ఎదురుగా నిలబడ్డ అమెరికన్ బ్యాటరీ (కలిసి కాల్చే ఫిరంగుల జట్టు) దగ్గర ట్యాంకు ఉక్కును ఛేదించగల షెల్స్ ఆరంటే ఆరే ఉన్నాయి. వచ్చిన ట్యాంకులు 33. ఇక చెప్పేదేముంది, మందుగుండు లేక ఓడిపోయారు అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు.

నేను ఆర్టిలరీలో ఓ.పి. ఆఫీసర్‌గా (ముందు వరుసలోంచి శత్రువును చూస్తూ గన్‌ల గురి సరిచేసేవాడిగా) మొదలై, బ్యాటరీ నడిపి, ఆ తర్వాత కొత్త ఆఫీసర్లకూ హవల్దార్లకూ పాఠాలు చెప్పే పనిలో పడ్డాను. ఈ కేసు నాకు ఇష్టమైన పాఠం. ఎందుకంటే ఆరు షెల్స్ లెక్క ఆ రోజు మొదటి రెండు గంటలకే సరిపోతుంది. ఆ తర్వాత కొండ మీద పదాతి దళం దాదాపు మూడు గంటలు పోరాడింది. అప్పుడు దాని మీదికి వచ్చినవి లారీలు, నడిచి వచ్చే సైనికులు. వాటి మీదికి కావలసిన మామూలు షెల్స్ బ్యాటరీ దగ్గర దండిగా ఉన్నాయి. గన్‌లు పనిచేస్తున్నాయి, వాటిని కాల్చే మనుషులూ ఉన్నారు. అయినా గన్‌లు కాల్చలేదు. ఎందుకు కాల్చలేదన్నదే నా దృష్టిలో అసలు కేసు.

బెటాలియన్ ఎక్కడి నుంచి వచ్చింది

52వ ఫీల్డ్ ఆర్టిలరీ బెటాలియన్ అమెరికా 24వ ఇన్‌ఫ్యాంట్రీ (పదాతి) డివిజన్‌కు చెందింది. (అమెరికన్ల ఫీల్డ్ ఆర్టిలరీ బెటాలియన్ అంటే దాదాపు మన ఫీల్డ్ రెజిమెంట్ అనుకోవచ్చు.) ఆ డివిజన్ 1941 అక్టోబరులో హవాయిలోని స్కోఫీల్డ్ బ్యారక్స్‌లో ఏర్పడింది. ఏర్పడి మూడు నెలలు కాకముందే పెర్ల్ హార్బర్ దాడిని కళ్లారా చూసింది. తర్వాత న్యూగినీలో హాలండియా, ఫిలిప్పీన్స్‌లో లేటే, మిండనావో. యుద్ధం ముగిశాక ఆక్రమణ సైన్యంగా జపాన్‌లోని క్యూషూ దీవిలో స్థిరపడింది.

అక్కడి అయిదేళ్లలో పత్రాల్లో డివిజన్ డివిజన్‌గానే ఉంది, లోపల మాత్రం చిక్కిపోయింది. ఖర్చు తగ్గింపులో ఇన్‌ఫ్యాంట్రీ రెజిమెంట్లకు మూడు బెటాలియన్ల బదులు రెండే మిగిలాయి. ఆర్టిలరీ బెటాలియన్లకు మూడు బ్యాటరీల బదులు రెండు మిగిలాయి. బ్యాటరీకి ఆరు గన్‌ల లెక్కన 18 ఉండాల్సిన చోట 12.

బయటివాళ్లకు ఇది మూడో వంతు కోతలా కనిపిస్తుంది. గన్నర్‌కు అలా కనిపించదు. మూడు బ్యాటరీలుంటే ఒకటి కదులుతున్నప్పుడు రెండు కాలుస్తుంటాయి. ముందు వరుసలో ఇన్‌ఫ్యాంట్రీతో కూర్చుని కాల్పులు అడిగే ఓ.పి. పార్టీలు, టెలిఫోన్ లైన్ వేసే సిగ్నల్ మనుషులు, రేడియోలు కూడా బ్యాటరీల వెంటే వస్తాయి. బ్యాటరీని తీసేస్తే గన్‌లతోపాటు ఆ గన్‌లకున్న కళ్లూ చెవులూ పోతాయి. శాంతికాలపు పరేడ్‌లో ఈ లోటు ఎవరికీ కనబడదు.

ప్రయాణం

1950 జూన్ 25న ఉత్తర కొరియా సైన్యం సరిహద్దు దాటింది. జూన్ 30న అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ నేల సైన్యాన్ని పంపడానికి ఒప్పుకున్నాడు. 24వ డివిజన్ కమాండర్ మేజర్ జనరల్ విలియం డీన్. ఆయన ముందుగా పంపిన చిన్న దళానికి నాయకుడు 21వ ఇన్‌ఫ్యాంట్రీ రెజిమెంట్ మొదటి బెటాలియన్ కమాండర్ లెఫ్టినెంట్ కల్నల్ చార్లెస్ బ్రాడ్ స్మిత్. అందుకే చరిత్రలో దాని పేరు టాస్క్ ఫోర్స్ స్మిత్. రెండు రైఫిల్ కంపెనీలు, రెండు 75 ఎం.ఎం. రీకాయిల్‌లెస్ గన్‌లు, కొన్ని మోర్టార్లు, భుజం మీంచి రాకెట్లు కొట్టే 2.36 అంగుళాల బజూకాలు కొన్ని. సైనికుడికి 120 తూటాలు, రెండు రోజుల తిండి. ఎక్కువమంది వయసు ఇరవై, లేదా అంతకన్నా తక్కువ. అంతకుముందు యుద్ధం చూసినవాళ్లు ఆరుగురిలో ఒకరు.

స్మిత్ మనుషులు జూలై 1న విమానాల్లో పూసాన్ చేరారు. గన్‌లు విమానంలో రావు కాబట్టి 52వ బెటాలియన్ కమాండర్ లెఫ్టినెంట్ కల్నల్ మిల్లర్ పెర్రీ ఓడలో బయల్దేరాడు. 'ఏ' (A) బ్యాటరీ మొత్తం, హెడ్‌క్వార్టర్స్ బ్యాటరీలో సగం, సర్వీస్ బ్యాటరీలో సగం ఆయన వెంట ఉన్నాయి. ఆరు 105 ఎం.ఎం. హోవిట్జర్లు (ఈ కథలో గన్‌లంటే ఇవే), 73 బండ్లు. జూలై 2 రాత్రి పూసాన్‌లో దిగి, రైలెక్కి తేజోన్, అక్కణ్నుంచి మరో రైల్లో ఉత్తరానికి. దారిలో స్టేషన్ ధ్వంసమై రైలు ఆగిపోతే, మిగిలిన దూరం సొంత బండ్ల మీద వెళ్లి జూలై 4న ప్యాంగ్‌టేక్‌లో స్మిత్‌ను కలిశాడు.

ఓడ ఎక్కేముందు జరిగిన ఒక చిన్న విషయం చెప్పాలి. జపాన్‌లోని ససేబో రేవులో బెటాలియన్ మందుగుండు ఆఫీసర్ డిపోలో ఉన్న ట్యాంకు వ్యతిరేక షెల్స్ అన్నీ తీసుకున్నాడు. అన్నీ కలిపితే 18. అందులో 'ఏ' బ్యాటరీ వాటాకు వచ్చినవి ఆరు. మామూలు పేలుడు షెల్స్, అంటే మనం హెచ్.ఈ. అనేవి, 1,200 దాకా లారీల్లోకి ఎక్కాయి. ఆ ఆఫీసర్‌ను తప్పుపట్టడానికేమీ లేదు. ఉన్నవన్నీ తెచ్చాడు. ఆక్రమణ సైన్యానికి ట్యాంకులతో పనేముంటుందని అంతకుముందు ఎక్కడో ఎవరో అనుకున్నారు, అంతే.

పొజిషన్

ఒసాన్‌కు ఉత్తరాన మూడు మైళ్ల దూరంలో సువాన్ నుంచి వచ్చే రోడ్డు ఒక కనుమ గుండా వెళుతుంది. అటూ ఇటూ కింది నేలకన్నా 300 అడుగుల ఎత్తున్న గుట్టలు. ముందంతా వరిపొలాలు. పైనుంచి చూస్తే సువాన్ వైపు రోడ్డు చాలా దూరం కనబడుతుంది. పదాతి దళానికి మంచి చోటు. జూలై 5 తెల్లవారుజామున మూడింటికి స్మిత్ అక్కడికి చేరాడు. అప్పటికే వాన పట్టుకుంది. ఇన్‌ఫ్యాంట్రీ, ఆర్టిలరీ కలిపి మొత్తం 540 మంది.

పెర్రీ బ్యాటరీని ఇన్‌ఫ్యాంట్రీకి 2,000 గజాల వెనక, రోడ్డుకు పడమటి పక్కన చాటైన జాగాలో పెట్టాడు. ఏటవాలుగా, బురదగా ఉండటంతో రెండేసి జీపులను ఒకదానికొకటి కట్టి గన్‌లను ఒక్కొక్కటిగా పైకి లాగారు. రెండు టన్నులు దాటిన గన్‌ను వానలో, చీకట్లో, లైట్లు లేకుండా గట్టు ఎక్కించడం ఎలా ఉంటుందో చేసినవాళ్లకే తెలుసు. ఎవరో ఒకరి కాలు చక్రం కిందికి వెళ్లబోతుంది, ఎవరో ఒకరు బండబూతులు అందుకుంటారు. తెల్లారేసరికి బ్యాటరీ సిద్ధంగా ఉందంటే అది సామాన్యమైన పని కాదు.

ఒక గన్‌ను మాత్రం పెర్రీ విడదీశాడు. బ్యాటరీకీ కొండకూ మధ్యలో, కనుమ దాటి వచ్చే ట్యాంకు నేరుగా ఎదురయ్యేలా ముందుకు పెట్టించి, ఆ ఆరు షెల్స్ దానికే ఇచ్చాడు. ఈ నిర్ణయం తప్పని కొందరు వాదిస్తారు, ఆరింటినీ గన్‌లన్నిటికీ పంచాల్సిందని. నేను పెర్రీ పక్షమే. గన్‌కు ఒక షెల్ అంటే తొలి గురి తప్పితే రెండో అవకాశం లేదు. ఒకే గన్, దాన్ని నడిపే ఒకే జట్టు, ఆరు అవకాశాలు. ఉన్నదాంతో అంతకన్నా బాగా చేయలేం.

హెడ్‌క్వార్టర్స్, సర్వీస్ బ్యాటరీల నుంచి ముందుకొచ్చిన వాలంటీర్లతో నాలుగు మెషిన్‌గన్ టీములు, నాలుగు బజూకా టీములు చేసి కొండ మీద ఇన్‌ఫ్యాంట్రీకి తోడు పంపాడు. ఓ.పి. పార్టీలు, ఇన్‌ఫ్యాంట్రీతో సంబంధం చూసే లైజాన్ పార్టీలు కూడా అక్కడికే వెళ్లాయి. తెల్లవారాక గన్‌లు కొన్ని రౌండ్లు కాల్చి రిజిస్ట్రేషన్ చేసుకున్నాయి. అంటే రోడ్డు మీద ఫలానా చోట షెల్ పడాలంటే గన్ ఎలా ఉండాలో లెక్క చేతికొచ్చింది. ఈ ముక్క గుర్తుంచుకోండి, దీంతో తర్వాత పని ఉంది.

కొండకూ బ్యాటరీకీ మధ్య టెలిఫోన్ లైన్ రోడ్డు వెంబడి సాగింది.

ట్యాంకులు

ఏడున్నరకు సువాన్ వైపు నుంచి ట్యాంకులు కనబడ్డాయి. ముందు వరుసలో ఎనిమిది. 8 గంటల 16 నిమిషాలకు బ్యాటరీ శత్రువు మీదికి తొలి షెల్ వదిలింది. కొరియా యుద్ధంలో అమెరికన్ నేల సైన్యం చేసిన మొదటి కాల్పులు అవే.

షెల్స్ ట్యాంకుల మధ్యే పడ్డాయి. ఓ.పి. గురి సరిచేస్తూనే ఉన్నాడు. ట్యాంకులు ఆగలేదు. 105 హెచ్.ఈ. షెల్ బరువు 15 కిలోలు. విప్పారి పేలి ముక్కలు చిమ్మడం దాని పని. బయట ఉన్న మనిషికి, లారీకి అది మృత్యువు. మూతలు బిగించుకున్న టి-34 ట్యాంకు లోపలివాడికి పెద్ద చప్పుడు, అంతే. నేరుగా మీద పడితే తప్ప, పడ్డా సరైన చోట పడితే తప్ప, పెద్దగా ఏమీ కాదు.

700 గజాల దూరంలో రీకాయిల్‌లెస్ గన్‌లు అందుకున్నాయి, లాభం లేదు. లెఫ్టినెంట్ ఓలీ కానర్ రోడ్డు పక్క గుంటలోంచి దాదాపు 15 గజాల దూరంలో, ఉక్కు పలచగా ఉండే వెనక భాగం మీదికి 22 బజూకా రాకెట్లు కొట్టాడు. ట్యాంకులు సాగిపోయాయి. పదిహేను గజాల్లో 22 సార్లు గురిపెట్టాడంటే ఆ మనిషి ధైర్యాన్ని ఎంతని చెప్పాలి! కానీ ఆ ఆయుధం ఆ పనికి చాలదు.

కనుమ దాటిన మొదటి రెండు ట్యాంకులకు ముందు పెట్టిన గన్ ఎదురైంది. రెండూ దెబ్బతిని రోడ్డు పక్కకు ఒరిగాయి. ఒకటి అంటుకుంది. అందులోంచి ఇద్దరు చేతులెత్తి దిగారు, మూడోవాడు దిగుతూనే మెషిన్‌గన్ స్థానం మీద కాల్చి ఒక అమెరికన్‌ను చంపాడు. మూడో ట్యాంకు ఆ గన్‌నే పేల్చేసింది. ఆరు షెల్స్ కథ అక్కడితో సమాప్తం.

ఆ తర్వాత ట్యాంకులు నేరుగా బ్యాటరీ పక్కనుంచే నడిచాయి. దూరం 150 నుంచి 300 గజాలు. ఇంత దగ్గర్లో గన్నర్‌కు లెక్కలూ పటాలూ ఉండవు. గొట్టం లోంచి చూసి కొట్టడమే. షెల్స్ తగిలాయి, తగిలి ఎగిరిపోయాయి. ఇక్కడ గన్ తయారీ కూడా అడ్డుపడుతుంది. అమెరికన్ 105కు రెండు కాళ్లు విడివిడిగా చాచి నేలలో దిగి ఉంటాయి. కాళ్లు కదపకుండా గొట్టం తిరిగేది కుడి ఎడమలు కలిపి దాదాపు 45 డిగ్రీలే. పక్కనుంచి పోయే ట్యాంకు ఆ హద్దు దాటితే నలుగురు పట్టి కాళ్లు ఎత్తి తిప్పాలి. మన సైన్యం ఏళ్ల తరబడి వాడిన 25 పౌండర్‌కు కింద గుండ్రటి చట్రం ఉండేది. ఒక్కడు తోక పట్టుకుని తిప్పితే గన్ మొత్తం గిర్రున తిరిగేది. ట్యాంకుల కోసం ప్రత్యేకంగా గట్టి గుండు కూడా ఉండేది. ఆ గన్ మీద చెయ్యి పడ్డ పాతతరం వాళ్లకు ఒసాన్ కథ చెబితే మొదట ఈ మాటే అంటారు.

గన్‌లు కాలుస్తుండగానే రెండు బజూకా టీములు రోడ్డు వైపు కదిలాయి. ఒకదాని ముందు పెర్రీయే ఉన్నాడు, రెండోదాని ముందు సార్జంట్ ఎడ్విన్ ఎవర్‌సోల్. వరిపొలం మధ్యలో ఉండగా ట్యాంకులు వచ్చిపడ్డాయి. ఎవర్‌సోల్ కొట్టిన రాకెట్ టరెట్‌కు తగిలి పక్కకు ఎగిరింది. ట్యాంకు తన 85 ఎం.ఎం. గన్‌ను అతని వైపు తిప్పి పేల్చింది. షెల్ పక్కనున్న టెలిఫోన్ స్తంభాన్ని నరికేసింది. అతను పొలం కాలవలో బోర్లా పడ్డాడు, స్తంభం అతనికి తగలకుండా పైన అడ్డంగా పడింది. ఈలోపు బ్యాటరీ కొట్టిన షెల్ మూడో ట్యాంకు చైన్‌కు తగిలి దాన్ని ఆపేసింది. పెర్రీ లొంగిపొమ్మని పిలిపించినా లోపలి నుంచి ఉలుకూ పలుకూ లేదు. మరో మూడు షెల్స్ పడ్డాక ఇద్దరు దూకి తూము చాటుకు పోయారు. వాళ్ల కథ అక్కడ ముగిసింది. ఈ గొడవలోనే పెర్రీ కుడికాలికి తూటా తగిలింది. వెనక్కి తీసుకెళతామంటే ఒప్పుకోలేదు.

కాసేపటికి రెండో వరుస వచ్చింది. ఈసారి కొందరు కుర్రాళ్లు గన్‌లు వదిలి పరుగెత్తారు. దాచాల్సిన సంగతేం కాదు, ఏ సైన్యంలోనైనా జరిగేదే. లెఫ్టినెంట్ డ్వేన్ స్కాట్, మిగతా ఆఫీసర్లు తామే షెల్స్ మోసి గన్‌లోకి ఎక్కించారు. సీనియర్ సార్జంట్లు తాళ్లు లాగి పేల్చారు. పరుగెత్తినవాళ్లు తర్వాత తిరిగొచ్చారు. పదింబావుకల్లా చివరి ట్యాంకు దాటిపోయింది. 33లో నాలుగు ఆగాయి, మూడు కొంచెం దెబ్బతిన్నాయి.

పొజిషన్ చాటుగా ఉండటంతో ట్యాంకులవాళ్లు బ్యాటరీ సరిగ్గా ఎక్కడుందో కనిపెట్టలేకపోయారు. అటూ ఇటూ కాల్చుకుంటూ పోయారు. పెర్రీ గాయపడ్డాడు, ముందున్న గన్ పోయింది, వెనకున్న బ్యాటరీ చెక్కుచెదరలేదు. ట్యాంకుల ముందు ఫీల్డ్ గన్‌లు ఇంతకన్నా బాగా బయటపడ్డ సందర్భాలు తక్కువే.

లైన్

వెళుతూ వెళుతూ ట్యాంకులు చేసిన అసలు నష్టం వేరే ఉంది. రోడ్డు వెంబడి పరచిన టెలిఫోన్ తీగను వాటి చైన్లు తునకలు చేశాయి. ఇక మిగిలింది రేడియో. పాత సెట్లు, రాత్రంతా వానలో నానాయి. ఒక్క జీపు మీది రేడియో మాత్రమే పలుకుతోంది. తొమ్మిది తర్వాత కొండకూ బ్యాటరీకీ మధ్య మాట ఒకసారి వినపడేది, ఒకసారి వినపడేది కాదు. పదకొండుకు అది కూడా ఆగిపోయింది.

పదకొండు ప్రాంతంలోనే సువాన్ వైపు రోడ్డు మీద ఇంకో దండు కనిపించింది. ముందు మూడు ట్యాంకులు, వెనక ఆరు మైళ్ల పొడవునా లారీలు, నడిచే సైనికులు. ఉత్తర కొరియా 4వ డివిజన్‌కు చెందిన రెండు రెజిమెంట్లవి. ట్యాంకులు ముందే దాటి వెళ్లాయి కదా, ఇక దారిలో ఎవరూ లేరన్నట్టు వస్తున్నారు. 11.45కు, వెయ్యి గజాల దూరంలోకి వచ్చాక స్మిత్ కాల్పులు మొదలుపెట్టించాడు.

ఇప్పుడు గన్నర్ కళ్లతో చూడండి. రోడ్డు మీద పది కిలోమీటర్ల పొడవునా లారీలు, రెండు పక్కలా బురద పొలాలు, పక్కకు తప్పుకోడానికి చోటు లేదు. ఆ రోడ్డు రిజిస్టర్ చేసి ఉంది. గన్ రేంజి 11 కిలోమీటర్లు. లారీల్లో హెచ్.ఈ. షెల్స్ ఉన్నాయి. ఉద్యోగ జీవితమంతా ఎదురుచూసినా ఇలాంటి టార్గెట్ చాలామందికి దొరకదు. 2,000 గజాల వెనక గన్‌లు అలాగే కూర్చున్నాయి.

కొండ మీద ఓ.పి. ఆఫీసర్లకు టార్గెట్ కనబడుతోంది, చెప్పే దారి లేదు. కింద బ్యాటరీకి కాల్చే సత్తా ఉంది, ఏం జరుగుతోందో తెలియదు. పెర్రీ లైన్ వేయడానికి మనుషులను పంపాడు. దారిలో కాల్పులు ఎదురై వెనక్కి వచ్చారు. పైన స్మిత్ ట్యాంకులు బ్యాటరీని తుడిచిపెట్టి ఉంటాయని నమ్మాడు. వానవల్ల విమానాల సాయమూ రాలేదు. శత్రువు నెమ్మదిగా రెండు పక్కలా గుట్టలెక్కడం మొదలుపెట్టాడు.

క్లాసులో ఇక్కడ ఆగి అడుగుతాను: మీరు ఓ.పి.లో ఉంటే ఏం చేస్తారు? ఒకసారి ఓ కుర్ర ఆఫీసర్ వెంటనే, "రన్నర్‌ని పంపుతాను సార్" అన్నాడు. వెనక వరసలోంచి ఓ హవల్దార్, "రన్నర్ వెళ్లొచ్చేదాకా టార్గెట్ ఆగుతుందా సాబ్?" అన్నాడు. గది మొత్తం నవ్వింది. కానీ ఈ కేసులో కుర్రాడిదే సరైన జవాబు. ఆరు మైళ్ల కాన్వాయ్ ఎక్కడికీ పోదు. అది కొండ ముందు గంటల తరబడి ఉంది. నడిచి పోయినా అరగంట దారి. మ్యాప్ నంబరు, "కొండ ఇంకా మా చేతిలోనే ఉంది, రోడ్డు మీద కాల్చండి" అన్న ముక్క కాగితం మీద రాసి ఇద్దరిని వేర్వేరు దారుల్లో పంపితే, ఒక్కడు చేరినా చాలేది. పైగా రేడియో మొత్తం పోకముందు, తొమ్మిదికీ పదకొండుకీ మధ్య, రెండు గంటల సమయం ఉంది. పదింబావుకు చివరి ట్యాంకు కూడా దాటిపోయింది. లైన్ మళ్లీ వేయాల్సిన సమయం అదే.

కింది నుంచి కూడా ఒక దారి ఉంది. డిఫెన్స్‌లో కూర్చున్న ఏ బ్యాటరీ అయినా మాట తెగిపోతే ఏం చేయాలో ముందే ఖరారు చేసుకుని ఉండాలి. ఫలానా రంగు రాకెట్ లేస్తే ఫలానా చోట కాల్పులు అని. మా రోజుల్లో దాన్ని ఎస్.ఓ.ఎస్. టాస్క్ అనేవాళ్లం. వేరే పని లేనప్పుడు గన్‌లు ఆ గురి మీదే ఉండేవి. అదీ లేకపోతే, ఇన్‌ఫ్యాంట్రీకి బాగా ముందున్న రిజిస్టర్ చేసిన రోడ్డు ముక్క మీద గడియారం చూసి కాల్చినా మనవాళ్లకు ప్రమాదం లేదు. పెర్రీ ఎందుకు అలా చేయలేదంటే, కొండ చేజారిపోయిందేమో అన్న అనుమానం ఉండి ఉంటుంది. కాలికి తూటా, కుర్రాళ్లు అప్పుడే ఒకసారి చెదిరి కుదురుకున్నారు, దక్షిణాన ట్యాంకులు, ఉత్తరాన ఏముందో తెలియదు. ఆయన్ను నిందించను. కానీ తప్పు దొర్లింది ఆ క్షణంలో కాదు, తెల్లవారుజామున మూడింటికి లైన్ పరచినప్పుడు. తీగను రోడ్డుకు దూరంగా, పొలం గట్ల మీదుగా తీసుకెళ్లి, దాటాల్సిన చోట పాతిపెట్టి, వీలైతే రెండో లైన్ ఇంకో దారిలో వేయాలి. రెండింటినీ మధ్య మధ్యలో కలిపితే ఒకచోట తెగినా మాట నడుస్తుంది. ఇవన్నీ పెర్రీ మనుషులకు తెలియవని కాదు. నిద్ర లేని కుర్రాళ్లు, వాన, చీకటి, తక్కువ మంది. రోడ్డు వెంబడి పరచడం సులువు. టెన్షన్‌లో ఉన్నప్పుడు ఏ లైన్ పార్టీ అయినా సులువైన దారే పడుతుంది. చూసి కసిరేవాడు ఉండాలి.

గన్‌లు వదిలేయడం

మధ్యాహ్నం రెండున్నరకు స్మిత్ వెనక్కి తగ్గమన్నాడు. చనిపోయినవాళ్లను, నడవలేని గాయపడ్డ పాతికముప్పై మందిని కొండ మీదే వదలాల్సి వచ్చింది. ఒక మెడికల్ సార్జంట్ తనంతట తాను వాళ్లతో ఉండిపోయాడు. స్మిత్ స్వయంగా నడిచి బ్యాటరీ దగ్గరికి వెళితే గన్‌లూ మనుషులూ క్షేమంగా కనిపించారు. పదకొండు తర్వాత ఇన్‌ఫ్యాంట్రీకీ ఆర్టిలరీకీ మధ్య సమాచారం సరిగ్గా అందడం అదే మొదలు. అప్పటికి యుద్ధం అయిపోయింది.

గన్నర్లు సైట్లు (గురి చూసే పరికరాలు), బ్రీచ్ బ్లాకులు (గొట్టం వెనక మూసే ఉక్కు దిమ్మలు) ఊడదీసి బండ్లకు చేర్చి, గన్‌లు అక్కడే వదిలారు. మా దళంలో గన్‌లే మా పతాకం. ఇన్‌ఫ్యాంట్రీకి జెండా ఎలాగో మాకు గన్ అలాగ. అందుకే క్లాసులో ఈ నిర్ణయం దగ్గర గొంతులు పెరుగుతాయి. రాత్రి జీపులు కట్టి లాగిన గన్‌లను పగలు, ఇన్‌ఫ్యాంట్రీ విడిచి వస్తుండగా, దక్షిణాన ట్యాంకులుండగా మళ్లీ రోడ్డు మీదికి దింపడం నా అంచనాలో కుదరని పని. బ్రీచ్ లేని గన్ శత్రువుకు ఇనుప ముద్ద. గన్నర్లు బతికితే రేపు ఇంకో గన్ ఇవ్వొచ్చు.

ఒసాన్ శివార్లలో ట్యాంకులు ఎదురైతే పెర్రీ బండ్లు వెనక్కి తిరిగి చిన్న దారుల్లో తూర్పున ఆన్‌సాంగ్ వైపు మళ్లాయి. దారిలో పొలాలకడ్డంగా నడిచి వస్తున్న దాదాపు వందమంది ఇన్‌ఫ్యాంట్రీ వాళ్లను ఎక్కించుకున్నాయి. స్మిత్ దళం నష్టం చనిపోయిన, గాయపడిన, జాడ తెలియని ఇన్‌ఫ్యాంట్రీ సైనికులు కలిపి దాదాపు 150 మంది. శత్రువు ఆగింది ఏడు గంటలు.

ఆర్టిలరీ నష్టం వివరం మాత్రం నాకెప్పుడూ గుచ్చుకుంటుంది. గన్‌ల దగ్గర పెర్రీ కాకుండా గాయపడింది ఇంకొకడే. కొండ మీదికి పంపిన ఓ.పి., లైజాన్, మెషిన్‌గన్, బజూకా పార్టీల నుంచి 5 ఆఫీసర్లు, 10 మంది సైనికులు తిరిగి రాలేదు. కాల్పులు అడగడానికి వెళ్లినవాళ్లు, అడిగితే వినేవాళ్లు లేక, రైఫిల్ పట్టుకుని చివరిదాకా అక్కడే ఉండిపోయారు.

తొమ్మిది రోజుల తర్వాత

1990ల్లో అమెరికన్ సైన్యాధిపతి గోర్డన్ సలివాన్ "ఇంకో టాస్క్ ఫోర్స్ స్మిత్ వద్దు" అన్న మాటను నినాదంలా వాడాడు. బడ్జెట్ కోతలకు వ్యతిరేకంగా అది పనికొచ్చింది. కానీ ఆయుధాల లోటును ఆ సైన్యం ఎంత త్వరగా పూడ్చుకుందో చూడండి. జూలై 12కల్లా 3.5 అంగుళాల కొత్త బజూకాలు తేజోన్ చేరాయి. జూలై 20న తేజోన్ వీధుల్లో అవి టి-34లను పేల్చాయి. జనరల్ డీన్ స్వయంగా బజూకా టీము వెంటబెట్టుకుని ట్యాంకుల వేటకు దిగాడు (అక్కడే దారితప్పి, తర్వాత పట్టుబడి మూడేళ్లు బందీగా ఉన్నాడు). అదే స్మిత్ బెటాలియన్ నవంబరు 1న చైనా సరిహద్దులోని యాలూ నదికి 18 మైళ్ల దూరం దాకా వెళ్లింది.

మాట తెగిపోయే జబ్బు మాత్రం అంత త్వరగా తగ్గలేదు. జూలై 14న కుమ్ నది దగ్గర, అదే డివిజన్‌కు చెందిన 63వ ఫీల్డ్ ఆర్టిలరీ బెటాలియన్. పొద్దున్నే పరిశీలక విమానం రెండు పడవల్లో సైనికులు నది దాటుతున్నారని చెప్పింది. ఇంకా పెద్ద టార్గెట్ వస్తుందని బెటాలియన్ కాల్చకుండా ఆగింది. నది ఒడ్డున కాపలా ఉన్న ఇన్‌ఫ్యాంట్రీ కంపెనీ పొజిషన్ వదిలి వెళ్లిపోయింది. మధ్యాహ్నం ఒంటిగంటన్నర ప్రాంతంలో అవుట్‌పోస్టుకు మనుషులు వస్తూ కనబడ్డారు. మనవాళ్లేమో, శత్రువని తేలితే తప్ప కాల్చొద్దని జవాబు వచ్చింది. వచ్చినవాళ్లు అవుట్‌పోస్టు మెషిన్‌గన్‌నే లాక్కుని హెడ్‌క్వార్టర్స్ బ్యాటరీ మీదికి తిప్పారు. మోర్టార్ షెల్ ఒకటి టెలిఫోన్ స్విచ్‌బోర్డు మీద పడింది. బ్యాటరీలకు పక్క బ్యాటరీలో ఏం జరుగుతోందో తెలిసే దారి పోయింది. సాయంత్రానికి పది 105 హోవిట్జర్లు, వాటి షెల్స్, 60కి పైగా బండ్లు శత్రువు చేతికి చిక్కాయి. ఆ రోజు అక్కడికి ఒక్క ట్యాంకూ రాలేదు.